జేబులో పెట్టుకునే జపాన్ పెన్ను: పాళీ కన్నా ముందు మూత చూడండి

ఫౌంటెన్ పెన్ను కొనబోయేవాళ్లు మొదట అడిగేది పాళీ గురించే. బంగారమా స్టీలా, ఎఫ్ఫా (సన్నం) ఎమ్మా (మధ్యరకం) అని. బల్ల మీద ఉండే పెన్నుకైతే ఆ వరుస సరైనదే. రోజూ చొక్కా జేబులో తిరిగే పెన్నుకు మాత్రం మొదట చూడాల్సింది మూత, తర్వాత క్లిప్పు, ఆ తర్వాత ఒళ్లు దేనితో చేశారన్నది. పాళీ నాలుగోది. సెయిలర్ (1911), పైలట్ (1918), ప్లాటినం (1919) అనే మూడు జపాన్ కంపెనీలూ చవక పెన్నుల్లో కూడా చక్కగా రాసే పాళీలే పెడతాయి కాబట్టి ఈ మాట ధైర్యంగా చెప్పొచ్చు. జేబు పెన్ను పాళీ అరిగి పాడవడం చాలా అరుదు. మూత పగలడం, క్లిప్పు వదులవడం, సిరా ఎండిపోవడం, జేబులో కారడం, ఈ నాలుగే దాన్ని మూలన పడేస్తాయి.

ముందు కారడం సంగతి. ఎందుకు కారుతుందో తెలిస్తే ఎంపిక సగం అయిపోయినట్టే. లోపల సిరా తగ్గేకొద్దీ ఆ చోటులోకి గాలి చేరుతుంది. ఏసీ గదిలో 25 డిగ్రీల దగ్గరున్న పెన్ను ఒంటి వేడికి 37 డిగ్రీలకు చేరితే ఆ గాలి దాదాపు 4 శాతం వ్యాకోచిస్తుంది. లోపలి తడి ఆవిరై కలిసేదాన్ని కూడా లెక్కేస్తే 7 శాతం దాకా పోతుంది. డ్రాపర్‌తో గొట్టంలోకే సిరా పోసే పెన్నులో ఒకటిన్నర మిల్లీలీటర్ల గాలి ఉందనుకుంటే, 0.1 మి.లీ. సిరా బయటికి తోసుకొస్తుంది. అంటే రెండు చుక్కలు. తెల్ల చొక్కా పాడవడానికి అంతకన్నా అక్కర్లేదు.

అదే లెక్క కార్ట్రిడ్జికి, అంటే సిరా నింపి అమ్మే చిన్న ప్లాస్టిక్ గొట్టానికి, వేసి చూడండి. పైలట్ కార్ట్రిడ్జిలో పట్టేదే 0.9 మి.లీ. సగం ఖాళీ అయినప్పుడు లోపలుండే గాలి అర మిల్లీలీటరు లోపు. బయటికి నెట్టేది 0.03 మి.లీ. మాత్రమే. పాళీ కింద సన్నసన్నటి గాట్లతో ఉండే ప్లాస్టిక్ ముక్కను ఫీడ్ అంటారు. ఆ గాట్లు ఉన్నదే ఇలా పొంగిన సిరాను పట్టి ఉంచడానికి. 0.03 మి.లీ.ని అవి సులువుగా దాచుకుంటాయి. అందుకే జేబు పెన్నుకు చిన్న సిరా గది లోటు కాదు, రక్షణ. రాజమండ్రి ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్నులో డ్రాపర్‌తో సిరా నింపుకుని పేజీలకు పేజీలు రాసుకోవడంలో ఉన్న సుఖం వేరు. కానీ అలా గొట్టం నిండా సిరా పోసుకునే ఏ పెన్నుకైనా తగిన చోటు బల్ల, చొక్కా జేబు కాదు.

పెన్ను ఏదైనా పాళీ పైకి ఉండేలా నిలువుగా పెట్టాలి. ప్యాంటు జేబు వద్దేవద్దు. కూర్చున్నప్పుడు పడే వంపు బరువును రెజిన్ (ఒక రకం ప్లాస్టిక్) ఒళ్లు ఎక్కువకాలం తట్టుకోదు, తాళాలూ చిల్లరా గీతలు పెడతాయి, వేడి కూడా అక్కడ ఎక్కువ.

ఇక పెన్నుల దగ్గరికి వద్దాం. డబ్బు లెక్క చూసుకుని కొనేవాళ్లందరికీ నా మొదటి సిఫారసు ప్లాటినం ప్లేజిర్. ఇందులో ప్రత్యేకత మూతలో ఉంది. మూత లోపల ఇంకో చిన్న మూత, దాని వెనక స్ప్రింగు. మూత పెట్టగానే ఆ లోపలి మూత పాళీ చుట్టూ ఉన్న అంచుకు గట్టిగా ఒత్తుకుని గాలి ఆడకుండా మూసేస్తుంది. దీన్ని ప్లాటినం వాళ్లు స్లిప్ అండ్ సీల్ అంటారు. ఏడాదిపాటు తెరవకుండా వదిలేసినా సిరా ఎండదని కంపెనీ మాట. ఏడాది ఎవరూ వదిలేయరు గానీ, మే నెలలో 44 డిగ్రీల ఎండల్లో పది రోజులు ముట్టుకోకుండా ఉంచిన పెన్ను మొదటి గీతకే రాయాలంటే ఇలాంటి మూతే కావాలి. ఇదే పద్ధతి మరతిప్పే మూతకు కుదిర్చి 2011లో ఖరీదైన 3776 సెంచరీలో పెట్టారు. ఫుజి కొండ ఎత్తు 3776 మీటర్లు, ఆ పేరు అక్కడిదే. దానికి చెప్పే గడువు రెండేళ్లు.

ప్లేజిర్ లోపలి భాగాలు దాదాపు అన్నీ ప్రెపీవే. ప్రెపీ అంటే అదే కంపెనీ కొన్ని వందల రూపాయలకు అమ్మే పారదర్శకమైన ప్లాస్టిక్ పెన్ను. పాళీ అదే, ఫీడ్ అదే, కార్ట్రిడ్జి అదే. తేడా అంతా ఒంట్లో ఉంది. ప్రెపీ ప్లాస్టిక్ మూత పెదవి దగ్గరా, పట్టు (వేళ్లతో పట్టుకునే భాగం) దగ్గర మర ఉన్న చోటా నిలువు చీలికలు రావడం దానితో అందరికీ తెలిసిన ఇబ్బంది. రోజుకు ఇరవైసార్లు మూత తీసి పెట్టేవాళ్ల చేతిలో ఇంకా తొందరగా వస్తుంది. మూత చీలితే ఆ లోపలి సీలు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. ప్లేజిర్‌కు అల్యూమినియం ఒళ్లు, అల్యూమినియం మూత. రంగు పైన పూసింది కాదు, లోహం పైపొరలోకే పట్టించింది కాబట్టి పెచ్చులు ఊడదు. బరువు కూడా తక్కువే, పల్చటి కాటన్ చొక్కా జేబు కిందికి లాగదు. లోపం చెప్పాలంటే మూత లావు, నున్నగా ఉండడం వల్ల చెమట చేతికి జారుతుంది. ఒంటిచేత్తో తీయడం కష్టం. క్లిప్పు గట్టిదే గానీ మందపాటి జీన్స్ గుడ్డ మీదికి ఎక్కించడానికి కాస్త బలం పెట్టాలి.

ఒక చిన్న ఉపాయం. ప్లేజిర్‌లో సాధారణంగా దొరికేవి 03, 05 పాళీలు. ఈ అంకెలు గీత వెడల్పును సూచిస్తాయి, 03 అంటే 0.3 మిల్లీమీటర్లు. ఇంకా సన్నగా కావాలంటే 02 పాళీ ఉన్న ప్రెపీ ఒకటి కొని, దాని పాళీనీ ఫీడునూ కలిపి తిన్నగా ముందుకు లాగి ప్లేజిర్‌లో పెట్టుకోవచ్చు. తిప్పుతూ లాగకండి, పాళీ రెక్కలు వంగుతాయి. ప్లాటినం కార్ట్రిడ్జిని ఊపితే లోపల గుండు కదిలిన చప్పుడు వస్తుంది, కంగారు పడనక్కర్లేదు. నోటిని మూసి ఉంచే చిన్న గుండు అది. పెన్నులోకి గుచ్చగానే లోపలికి పడి సిరాను కదిలిస్తూ ఉంటుంది.

రోజంతా నిలబడి, ఒక చేత్తో కాగితం పట్టుకుని, ఇంకో చేత్తో రెండు ముక్కలు రాసి మళ్లీ జేబులో పెట్టుకునే వృత్తులు కొన్ని ఉన్నాయి. వార్డులో తిరిగే డాక్టర్లు, సైటు ఇంజనీర్లు, గోడౌన్ లెక్కలు చూసేవాళ్లు. వాళ్లకు మూత ఉన్న పెన్ను ఎంత మంచిదైనా చిరాకే. వాళ్ల కోసమే పైలట్ కాప్‌లెస్. 1963లో వచ్చిన మొదటి కాప్‌లెస్ వెనక భాగాన్ని తిప్పితే పాళీ బయటికి వచ్చే రకం, నొక్కే రకం ఆ తర్వాత వచ్చింది. అమెరికాలో దీన్నే వానిషింగ్ పాయింట్ పేరుతో అమ్ముతారు.

దుకాణంలో దీన్ని చేతికి ఇచ్చినప్పుడు కొనను కంటికి దగ్గరగా పెట్టుకుని వెనక బొత్తాం నెమ్మదిగా నొక్కి చూడండి. గుండ్రటి కన్నంలో గోరులో నాలుగో వంతు కూడా ఉండని లోహపు తలుపు ఒకటి కనిపిస్తుంది. బొత్తాం సగం దిగేసరికి ఆ తలుపు లోపలి గోడకు ఒదుగుతుంది, దాని పక్కనుంచి సన్నటి 18 కేరట్ల పాళీ జారుకుంటూ వచ్చి టక్కుమని ఆగుతుంది. మళ్లీ నొక్కితే పాళీ వెనక్కి పోయి తలుపు తనంతట తానే మూసుకుంటుంది. ఈ పెన్ను మొత్తంలో మూత పని చేసేది ఆ తలుపే. అది సరిగ్గా మూసుకున్నంతకాలం పాళీ తడిగా ఉంటుంది. అక్కడ సిరా గడ్డకట్టిందంటే సన్నటి సందు మిగిలిపోతుంది, రెండు రోజులకే పాళీ ఎండిపోతుంది.

కాప్‌లెస్‌లో క్లిప్పు పాళీ వైపున ఉంటుంది. అందువల్ల జేబులో పెడితే పాళీ తప్పకుండా పైకే ఉంటుంది, ఇది ఎంతో ఆలోచించి చేసిన ఏర్పాటు. కానీ రాసేటప్పుడు అదే క్లిప్పు మీ వేళ్ల మధ్యకు వస్తుంది. బొటనవేలూ చూపుడువేలూ క్లిప్పుకు చెరో పక్కన ఆనేలా పట్టుకునేవాళ్లకు అది అడ్డం కాదు, పాళీని సరైన కోణంలో నిలబెట్టే ఊత. బొటనవేలిని పెన్ను నడినెత్తిన పెట్టి పట్టుకునేవాళ్లకు మాత్రం ఎన్నాళ్లయినా అలవాటు కాదు. అయిదంకెల ధర పెట్టే ముందు ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. మామూలు బాల్ పెన్ను తీసుకుని, కొన నుంచి రెండు సెంటీమీటర్లు వదిలి, పైభాగంలో నిలువుగా ఒక అగ్గిపుల్ల పెట్టి టేపు చుట్టండి. దానితో రెండు పేజీలు ఆగకుండా రాయండి. వేలు ఒత్తుకుపోతే కాప్‌లెస్ మీకు కాదు.

ఒత్తుకోకపోతే రెండింటిలో ఒకటి ఎంచుకోవాలి. మామూలు కాప్‌లెస్ ఇత్తడి ఒళ్లు, సుమారు 30 గ్రాములు. డెసిమో అల్యూమినియం, సన్నం, సుమారు 21 గ్రాములు. చొక్కా జేబుకు డెసిమోయే మేలు. 30 గ్రాముల పెన్ను ఉతికి ఉతికి పలచబడ్డ చొక్కా జేబును ఒక పక్కకు వాల్చేస్తుంది, కిందికి వంగినప్పుడు జారిపడే ప్రమాదమూ దానికే ఎక్కువ. మామూలు కాప్‌లెస్సే కావాలనుకుంటే మ్యాట్ నలుపు కన్నా మెరిసే లక్క పూతవి ఎంచుకోండి. మ్యాట్ పూత బొత్తాం చుట్టూ, నడుము కలిసే చోట ముందు పోతుంది, కింద ఇత్తడి కనిపిస్తుంది. పాతబడ్డ ఆ ఇత్తడి మెరుపును ఇష్టపడేవాళ్లూ ఉన్నారు, వాళ్లకు నిశ్చింత.

కాప్‌లెస్ వాడకంలో జరిగే పొరపాట్లు మూడు. పెన్నును నేలవైపు పెట్టి జోరుగా టకటక నొక్కితే పాళీ మీది సిరా లోపలి గోడలకు చిమ్ముతుంది, అదే తర్వాత తలుపు దగ్గర పేరుకుంటుంది. పాళీ పైకి ఉంచి, బొటనవేలితో నింపాదిగా నొక్కడం అలవాటు చేసుకోండి. రెండోది, నడుము దగ్గర విప్పి పాళీ యూనిట్ తీసి, తిరిగి పెట్టేటప్పుడు తొందరపడడం. యూనిట్ మీద చిన్న పొడుచుకొచ్చిన ముక్క ఒకటుంటుంది, గొట్టంలో దానికి తగిన గాడి ఉంటుంది. రెండూ కూర్చున్నాకే మర తిప్పాలి. కూర్చోకుండా బిగిస్తే పాళీ పక్కకు తిరిగి తలుపు అంచుకు రాసుకుంటుంది. మూడోది, మెరుపు రజను కలిపిన సిరాలు, పిగ్మెంట్ (కరగని రంగు పొడి) సిరాలు వాడడం. ఇంత సన్నటి దారుల్లో, అంత చిన్న తలుపు పక్కన వాటిని పొయ్యకండి. మామూలు రంగు సిరాతో కూడా ఆరు, ఎనిమిది వారాలకొకసారి పాళీ యూనిట్‌ను గ్లాసుడు చల్లటి నీళ్లలో నానబెట్టాలి. ముందు గొట్టం కొనను కూడా నీళ్లలో ముంచి, తలుపును ఆడించి, గుడ్డ మీద దులిపి ఆరబెట్టాలి. వేడినీళ్లు, స్పిరిట్ వద్దు.

ఒళ్లు ఎంత గట్టిదైనా ఇది మూత పెన్నుకున్నంత బిగువుగా మూసుకోదు. రోజూ రాస్తే ఏ ఇబ్బందీ రాదు. మూడు వారాలు పక్కన పెడితే మొదటి రెండు గీతలు పడకపోవచ్చు. రోజూ రాయనివాళ్లకు ప్లేజిరే నయం, ధరలో ఆ తేడా చూసి తక్కువ రకం అనుకోకండి.

ఇదే నొక్కే పద్ధతిలో ప్లాటినం 2020లో క్యూరిడాస్ తెచ్చింది. స్టీలు పాళీ, ప్లాస్టిక్ ఒళ్లు, క్లిప్పు తీసేసుకునే వీలు. క్లిప్పు వేళ్లకు అడ్డమయ్యేవాళ్లకు ఇది ఆశగా కనిపిస్తుంది గానీ క్లిప్పు తీసేస్తే జేబులో నిలవదు, పైగా పారదర్శకమైన ఒళ్లలో చీలికల ఫిర్యాదులున్నాయి. ఏళ్ల తరబడి జేబులో ఉండాలనుకునే పెన్నుగా దీన్ని సిఫారసు చేయలేను.

జేబు కోసమే పుట్టిన ఇంకో జాతి ఉంది, పొట్టి పెన్నులు. మూసి ఉన్నప్పుడు సుమారు 12 సెంటీమీటర్లు. మూత తీసి వెనక తగిలిస్తే మామూలు పెన్నంత పొడుగు. మూత పొడుగ్గా, ఒళ్లు పొట్టిగా ఉండడంలో ఉంది కిటుకు. 1960లలో జపాన్ ఆఫీసు ఉద్యోగుల చొక్కా జేబుల్లో ఇవే రాజ్యమేలాయి. 1968 నాటి పైలట్ ఎలీట్ ఎస్‌కు మరుసటి ఏడాది టీవీ వ్యాఖ్యాత ఓహాషి క్యోసెన్ ప్రకటనలో అర్థంలేని పదాలతో అల్లి చెప్పిన పద్యం జపాన్ అంతా పాకింది. ఆ ఎలీట్ వారసత్వమే ఇప్పటి ఎలీట్ 95ఎస్. 14 కేరట్ల పాళీ పట్టులోకి పొదిగి ఉంటుంది, ఒత్తి మూసే మూత. మూత తీయడం, వెనక తగిలించడం ఒకే కదలికలో అయిపోతుంది. చొక్కా జేబు లోతు తక్కువగా కుట్టించుకునేవాళ్లకూ, కుర్తా జేబుకూ, చేతి పర్సుకూ ఇంతకన్నా కుదిరేది లేదు. దీనిలో పైలట్ కాన్-40 కన్వర్టర్ (సీసాలోంచి సిరా పీల్చుకునే చిన్న గొట్టం) పడుతుంది, పెద్దదైన కాన్-70 పట్టదు. పాళీ పొదిగి ఉండడం వల్ల ఇంట్లో పీకి శుభ్రం చేయకూడదు, పట్టు వెనక నుంచి నీళ్లు పోనిచ్చి కడగడమే. మూత రోజూ ఒంటి మీదికి ఎక్కీ దిగీ కొన్నేళ్లకు సన్నటి గీతల వలయం పడుతుంది. అది సహజమే, పగులు కాదు.

మిగతావి త్వరగా. పైలట్ మెట్రోపాలిటన్ ఇత్తడి ఒళ్లున్న గట్టి పెన్ను, ధరకు మించిన నాణ్యత. బరువు 26 గ్రాముల దగ్గర, కోటు జేబుకో బ్యాగుకో బాగుంటుంది. పట్టు దగ్గర మెట్టులా ఉన్న అంచు కొందరి వేలికి తగులుతుంది. పైలట్‌దే అయిన కకునో పిల్లల రాతకు గొప్పది, క్లిప్పే లేదు కాబట్టి జేబు లెక్కలోకి రాదు. అయితే కకునో పాళీ మెట్రోపాలిటన్‌లో అచ్చంగా పడుతుంది. మెట్రోపాలిటన్‌కు ఈఎఫ్ (ఎఫ్ కన్నా సన్నం) పాళీ కావాలంటే ఇదే చవక దారి. పైలట్ కస్టమ్ 74 మంచి బంగారు పాళీ పెన్ను, క్లిప్పు చివర గుండు ఉండడం వల్ల గుడ్డను చింపకుండా పట్టుకుంటుంది. కానీ మరమూత, 14 సెంటీమీటర్లు దాటిన పొడవు, రెజిన్ ఒళ్లు. బల్ల దగ్గర కూర్చుని రాసేవాళ్లు జేబులో తీసుకెళ్లి తీసుకొచ్చుకోవడానికి సరిపోతుంది, నిలబడి రాసేవాళ్లకు కాదు. సెయిలర్ ప్రో గేర్ స్లిమ్ పాళీ కాగితం మీద పెన్సిల్‌లా గరుకుగా పలుకుతుంది. ఆ స్పర్శ నచ్చినవాళ్లు ఇంకోటి ముట్టరు. పొట్టిగానే ఉంటుంది, కాకపోతే అదీ మరమూతే.

పాళీ వెడల్పు విషయంలో తెలుగు రాసేవాళ్లకు వేరే లెక్క కావాలి. జపాన్ పాళీలు యూరప్ వాటికన్నా ఒక మెట్టు సన్నం. జపాన్ ఎఫ్ దాదాపు యూరప్ ఈఎఫ్‌తో సమానం. కంజీ అక్షరాల్లో ఇరుకు గీతల కోసం వచ్చిన ఈ సన్నదనం మన ఒత్తులకు భలే కలిసొచ్చింది. చిన్న గీతల నోటుబుక్కులో 05 పాళీతో లక్ష్మి, రాష్ట్రం, స్త్రీ, కథ అని రాసి, పక్కన ఱ కూడా వేసి చూడండి. ఒత్తు కింది వరుసకు తగులుతుంది, థలో చుక్క పూడిపోతుంది, ఱలో సున్నాలు మూసుకుపోతాయి. 03తో అవే మాటలు విడివిడిగా నిలబడతాయి. అలాగని 02కు పోతే ఇంకో చిక్కు. మన అక్షరం ప్రతి దిక్కుకూ తిరుగుతుంది, పాళీని పైకి నెట్టే వంపులు ఎక్కువ. మరీ సన్నటి పాళీ నాసి కాగితంలో పీచును గోకి, రెక్కల మధ్య ఇరికించుకుంటుంది. తెలుగు ఎక్కువ రాసేవాళ్లు 03 లేదా ఎఫ్ దగ్గరే ఆగండి. దరఖాస్తు గళ్లు నింపే పనే ఎక్కువైతే 02.

మూడు కంపెనీల కార్ట్రిడ్జిలు మూడు రకాలు, ఒకదానిది ఇంకోదానికి పట్టదు. పార్కర్‌వీ పట్టవు. ఊళ్లో దొరకవని బెంగ వద్దు. పైలట్ కార్ట్రిడ్జి నోరు వెడల్పు, మొండి సూది పెట్టిన 2 మి.లీ. సిరంజితో సీసా సిరా నింపుకుంటే నోరు వదులయ్యేదాకా అదే వాడుకోవచ్చు. కాన్-40లో పట్టేది 0.4 మి.లీ. చిల్లర, కాబట్టి కాప్‌లెస్‌కు తిరిగి నింపిన కార్ట్రిడ్జే రెట్టింపు కాలం వస్తుంది. సిరా రంగులో పైలట్ బ్లూబ్లాక్ తడికి కొంత తట్టుకుంటుంది, చెక్కుల మీదా రిజిస్టర్లలోనూ రాసేవాళ్లకు అనువు. ప్లాటినం బ్లూబ్లాక్ ఇనుప లవణపు సిరా. ఇంకా గట్టిగా నిలుస్తుంది గానీ పెన్నులో ఎండనివ్వకూడదు.

విమానం ఎక్కేటప్పుడు పెన్ను పూర్తిగా నింపి ఉంచండి, లేదా పూర్తిగా ఖాళీ చేయండి. క్యాబిన్‌లో పీడనం తగ్గి లోపలి గాలి పాతిక శాతం పైగా ఉబ్బుతుంది. పైన లెక్కేసిన 7 శాతం ఆపగలిగిన ఫీడ్ దీన్ని ఆపలేదు. పైకెక్కేటప్పుడు పాళీ పైకే ఉండాలి.

దుకాణంలో పెన్ను చేతికొచ్చాక మూత పెట్టి తీస్తూ పదిసార్లు చూడండి. ప్రతిసారీ ఒకేలా చప్పుడు రావాలి. మూత తీసి, తెరిచి ఉన్న వైపు పెదాలకు ఆనించి గాలి పీల్చండి. బిగుసుకుపోతే సీలు గట్టిది, గాలి తేలిగ్గా వస్తుంటే ఎక్కడో కన్నం ఉంది. క్లిప్పును మీ చొక్కా జేబుకే తగిలించి రెండుసార్లు వంగి లేవండి. కాప్‌లెస్ కొంటే పెట్టెలో వేలి కొనంత లోహపు టోపీ ఒకటి ఉంటుంది. అది కార్ట్రిడ్జి వెనక తొడిగేది. పారేయకండి. అది లేకుండా కార్ట్రిడ్జి పెడితే బొత్తాం తోసే బలమంతా పలచటి ప్లాస్టిక్ మీద పడి, కార్ట్రిడ్జి నలిగిపోతుంది. కన్వర్టర్ వాడుతున్నన్నాళ్లూ దాన్ని ఒక ఖాళీ కార్ట్రిడ్జికి తొడిగి పెట్టెలోనే దాచి ఉంచండి.